ప్రాసెసర్ మార్చబోయిన అధ్యక్షుడు

కార్ల్స్‌రూహె
7 సెప్టెంబరు 2025

నసీర్ భాయ్‌కి,

మూడుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. నాలుగోసారికి నీ మెసేజ్ వచ్చింది: "కంప్యూటర్ సంగతైతే కాయితం మీద రాసి పోస్టుల పంపు. దుకాణం రూలు యాదికుంది గదా." యాదికుంది. అందుకే పందొమ్మిదేళ్ల తర్వాత పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఈ ఊళ్ళో కవర్లు ఎక్కడ అమ్ముతారో కనుక్కోవడానికే ఒక శనివారం పోయింది.

సంగతేమిటంటే, నేను ఇప్పుడు ఇక్కడి తెలుగు సంఘానికి అధ్యక్షుణ్ణి. సంఘానికి ఒక కంప్యూటర్ ఉంది. తొమ్మిదేళ్ల కిందటిది, అద్దె హాలు బీరువాలో ఉంటుంది. ఆదివారం పిల్లల తెలుగు క్లాసుకీ, పండగ ప్రోగ్రాముల్లో తెర మీద బొమ్మలు వెయ్యడానికీ అదే దిక్కు. ఆన్ చేసి, టీ తాగి వచ్చినా ఇంకా లేస్తూనే ఉంటుంది. పైగా దాంట్లో ఉన్న పాత విండోస్‌కి అక్టోబరుతో సపోర్ట్ ఆగిపోతోంది. కొత్త విండోస్ ఆ ప్రాసెసర్ మీద ఎక్కనంటోంది.

కమిటీ మీటింగులో శశాంక్ అనే మెంబరు, "పడేసి కొత్తది కొందామన్నా" అన్నాడు. వచ్చే ఎన్నికల్లో నా కుర్చీ మీద అతనికి కన్నుంది. నాకు ఒళ్ళు మండింది. "పడెయ్యడమేంది? ప్రాసెసర్ మారిస్తే అయిపాయె. సికింద్రాబాద్‌ల నా చేతులతోని వందల కంప్యూటర్లు బిగించిన" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. కార్యదర్శి అనూహ్య మాత్రం చప్పట్లు కొట్టకుండా రాసుకుంది. మనం మినిట్స్ అనేదాన్ని ఇక్కడ ప్రోటోకోల్ అంటారు. అందులో నాలుగో అంశం ఇదీ: నవంబరు 23న జరిగే సర్వసభ్య సమావేశంలో అధ్యక్షులవారు సభ్యుల ముందు స్వయంగా ప్రాసెసర్ మారుస్తారు. ఈ జర్మనీలో ప్రోటోకోల్‌లో ఎక్కినదాన్ని దేవుడు కూడా కొట్టెయ్యలేడు.

కాబట్టి చెప్పు భాయ్. పాత కంప్యూటర్‌కి ప్రాసెసర్ మార్చవచ్చా, లేదా? మార్చవచ్చంటే ఎలా? నువ్వు గార్చింగ్‌లో సైన్సు ఇన్‌స్టిట్యూట్‌లో పెద్ద పెద్ద యంత్రాల మధ్య ఉన్నవాడివి, నీకిది చిటికెలో పని. జోహ్రా భాభీకి సలాములు చెప్పు.

నీ
రవి


గార్చింగ్
15 సెప్టెంబరు

తెలుగు సంఘం అధ్యక్షులు, వందల కంప్యూటర్ల బిగింపు నిపుణులు శ్రీ రవీంద్రనాథ్ గారి సముఖమునకు,

నసీరుద్దీన్ సలాములు చేసి వ్రాయునది.

తమరి ఉత్తరం చేరింది. జోహ్రాకి చదివి వినిపించాను. "వందలు" అన్నచోట ఆమె ఉత్తరం లాక్కుని తనే ఇంకోసారి చదువుకుంది. జగిత్యాల బడిలో నాకంటే రెండు క్లాసులు కింద ఉన్నప్పటి నుంచీ నిన్ను ఎరుగుదును. సికింద్రాబాద్‌లో నా రిపేరు దుకాణంలో మూడేళ్లు నా పక్కన కూర్చున్నావు. బిల్లులు రాశావు, ఫోన్లు ఎత్తావు, కిందికి కేకేసి చాయ్ తెప్పించావు, మధ్యలో ఎంసీఏ పాసయ్యావు. నాకు గుర్తున్నంత మటుకు నువ్వక్కడ విప్పినవి రెండే: టిఫిన్ డబ్బా, షట్టరు తాళం. ఈ వందలు ఎప్పుడు బిగించావో చెబితే వాటికి గ్యారంటీ ఎవరిచ్చారో చూస్తాను.

సరే, పని మాట. దుకాణం రూలు గుర్తుందన్నావు కానీ పాటించలేదు. కస్టమరు తన చేత్తో జాబ్ కార్డు నింపితే తప్ప నేను పెట్టె ముట్టుకునేవాణ్ణి కాదు. కార్డులో మూడే గడులు. ఏ యంత్రం. ఏమైంది. అలా కావడానికి ముందు నువ్వేం చేశావు. మొదటి రెండూ అందరూ సరిగానే రాసేవాళ్ళు. మూడో గడిలో మటుకు, "నేనేం చేయలే సార్, దానంతట అదే ఆగిపోయింది" అనేవాళ్ళు. సాంబారు గిన్నె ఒలకబోసినవాడూ అదే మాట. నోటితో అయితే మాట మారుస్తారు. అందుకే కాగితం.

ప్రాసెసర్ మార్చవచ్చు. కానీ ఏది పడితే అది కాదు. అది కూర్చునే బోర్డు ఒప్పుకోవాలి. సీటు సరిపోవాలి, బోర్డులో ఉండే సొంత ప్రోగ్రాముకి ఆ ప్రాసెసర్ తెలిసి ఉండాలి. అంచేత ముందు ఏమీ కొనకు. పెట్టె వెనక రెండు స్క్రూలు ఉంటాయి, తీసి పక్క రేకు జరుపు. బోర్డు మీద పేరు అచ్చువేసి ఉంటుంది, అది చూసి రాయి.

ఏడాదిన్నర కింద నేను నిన్నొక కాగితం అడిగాను. ఫలానా సంవత్సరాల్లో నసీరుద్దీన్ కంప్యూటర్లు బాగుచేయగా కళ్ళారా చూశానని నాలుగు లైన్లు. కంపెనీ పాలసీ ఒప్పుకోదన్నావు. నా దగ్గర పాలసీ ఏమీ లేదు కాబట్టి జవాబు రాస్తున్నాను.

నసీర్


కార్ల్స్‌రూహె
5 అక్టోబరు

నసీర్ భాయ్‌కి,

నీ ఎగతాళి మారలేదు, సంతోషం. నువ్వు అడిగిన జాబ్ కార్డు ఇదిగో.

ఏ యంత్రం: బోర్డు పేరు వెనక కాగితం మీద రాశాను, మోడల్ నంబరుతో సహా. ప్రాసెసర్ ఆరో తరానిది. ఏమైంది: నిదానం. ముందు నేనేం చేశాను: ఏమీ చేయలేదు, దానంతట అదే నిదానించింది.

రేకు తీసి లోపల చూశాను. అంతా బాగానే ఉంది, బోర్డు పచ్చగా నీటుగా ఉంది. నువ్వు కొనొద్దన్నావు కానీ అప్పటికే కొనేశాను. కొత్త విండోస్‌కి కనీసం ఎనిమిదో తరం కావాలని శశాంక్ మీటింగులో లెక్చరిచ్చాడు, అందుకని ఎనిమిదో తరం ప్రాసెసరే సెకండ్ హ్యాండులో తెప్పించాను. సీటు నంబరు చూశాను, రెండింటికీ ఒకటే. కాబట్టి సరిపోతుంది. నువ్వు బిగించే పద్ధతి ఒక్కటి రాస్తే చాలు.

ఆ కాగితం సంగతి. పాలసీ నిజంగానే ఉంది భాయ్. మా హెచ్చార్ వాళ్ళు బయటివాళ్ళకి రిఫరెన్సులు ఇవ్వనివ్వరు. అయినా నువ్వు ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉన్నావు కదా, ఇంకా కాగితాలతో ఏం పని? మనవాళ్ళంతా నీ గురించి గొప్పగా చెప్పుకుంటున్నారు.

నీ
రవి


గార్చింగ్
13 అక్టోబరు

రవీంద్రనాథ్ గారికి,

నువ్వు పేరు రాసిన బోర్డులాంటివి నా చేతుల మీదుగా ఓ యాభై అయినా పోయి ఉంటాయి. అది గోధుమరంగులో ఉంటుంది. ఆ మోడల్‌లో పచ్చది రాలేదు. అంటే నువ్వు పెట్టె తెరవలేదు. కొన్ననాటి రసీదు చూసి పేరు రాశావు, బోర్డులన్నీ పచ్చగా ఉంటాయని ఎక్కడో బొమ్మలో చూశావు. మూడో గడి సంగతి సరే, నువ్వు మొదటి గడిలోనే అబద్ధం రాసిన మొదటి కస్టమరువి.

ఎనిమిదో తరం గురించి. సీటు ఒకటే, కొలతలు ఒకటే, చక్కగా కూర్చుంటుంది. బోర్డు మటుకు దాన్ని గుర్తించదు, తెర నల్లగా ఉండిపోతుంది. ఈ పొరపాటుతో మా దగ్గరికి వారానికి రెండు వచ్చేవి. ఆ బోర్డుకి ఏడో తరం వరకే మార్చవచ్చు. అదైనా, పాత ప్రాసెసర్ లోపల ఉండగానే బోర్డు ప్రోగ్రాము కొత్తది చేసుకుని, ఆ తర్వాత మార్చాలి. ఏడోది పెట్టినా కొత్త విండోస్ సరేననదు. అసలు నీ యంత్రం జబ్బు ప్రాసెసర్‌లో లేదు, లోపల తిరిగే పాత డిస్కులో ఉంది. అది తీసి ఎస్‌ఎస్‌డీ అనే తిరగని కొత్తరకం డిస్కు పెట్టి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేస్తే పిల్లల క్లాసు ఇంకో ఐదేళ్లు నడుస్తుంది. కాబట్టి మార్చవచ్చా అంటే మార్చవచ్చు, అవసరమా అంటే కాదు. ప్రోటోకోల్‌లో ఎక్కింది గనక మారుస్తావు.

ఇక నేను ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నమాట. ఉన్నాను, క్యాంటీన్‌లో. సైంటిస్టు జోహ్రా, నేను ఆమె వెంట వచ్చినవాణ్ణి. ప్లేట్లు కడిగే యంత్రం దగ్గర నా పని. ఆ యంత్రం రెండుసార్లు ఆగిపోతే సెన్సరు తుడిచి నేనే నడిపించాను. మూడోసారి సూపర్‌వైజరు చూసి, నీకు సర్టిఫికెట్ ఉందా అని అడిగి, మూడడుగుల అవతల నిలబెట్టాడు. బయటినుంచి మెకానిక్ వచ్చేదాకా రెండు రోజులు మూడు వందల మంది ప్లేట్లు చేత్తో కడిగాను. నీకిది రాయడానికి సిగ్గుపడ్డాను, ఇన్నాళ్లూ దాచాను. జాబ్ కార్డు రూలు ఇద్దరికీ వర్తించాలి కాబట్టి ఇప్పుడు రాశాను.

ఇక్కడి ఎలక్ట్రానిక్స్ వర్క్‌షాపులో టెక్నీషియన్ కావాలని ప్రకటన వేశారు. డిసెంబరు 12 ఆఖరు. డిగ్రీ లేకపోయినా పర్వాలేదట, అనుభవానికి సాక్ష్యం కావాలట. కరోనాలో దుకాణం మూసేశాక రిజిస్టర్లు ఎలకల పాలయ్యాయి. ఆ గదిలో నాతోపాటు పనిచేసిన మనిషివి నువ్వొక్కడివే. ఇది సమాచారం మాత్రమే. ఒకసారి అడిగినదాన్ని రెండోసారి అడగడం నా దుకాణంలో లేదు.

నసీరుద్దీన్


కార్ల్స్‌రూహె
2 నవంబరు

నసీరుద్దీన్ గారికి,

గారు అనడం నువ్వే మొదలుపెట్టావు కనక నేనూ అలాగే రాస్తున్నాను.

మూడు వారాలు ఈ ఉత్తరం రాయలేదు. కోపం వచ్చింది. నేను అబద్ధమాడానని పదే పదే పొడుస్తున్నావు. 2006లో "రవీంద్రనాథ్, హార్డ్‌వేర్ ఇంజనీర్, మూడేళ్ల అనుభవం, దుకాణంలోని రిపేర్లన్నీ ఇతని ఆధ్వర్యంలో జరిగాయి" అని రాసి కింద సంతకం పెట్టింది ఎవరు? దుకాణం ముద్ర వేసింది ఎవరు? ఆ కాగితంతోనే నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంతో రెండోది, రెండోదానితో జర్మనీ. ఆ కాగితం నకలు ఈనాటికీ నా ఫైల్లో ఉంది.

ఇప్పుడు రిపేర్లన్నీ నువ్వే చేశావని నేను రాస్తే, మరి ఆ మూడేళ్లూ నేనేం చేస్తున్నట్టు? ఇద్దరిలో ఎవరో ఒకరి కాగితమే నిజం అవుతుంది. ఇదీ పాలసీ. అడిగావు కాబట్టి చెప్పాను.

ప్రాసెసర్ సంగతి నేను చూసుకుంటాను. పిన్నులు సరిపోయాయి, మిగతాది అదే సరిపోతుంది.

రవీంద్రనాథ్


గార్చింగ్
9 నవంబరు

రవీ,

సంతకం నాదే. ఆ రోజు నువ్వు కౌంటరు మీద తల పెట్టుకుని, "ఫ్రెషర్‌ను ఎవ్వడు తీసుకుంటలేడు భాయ్" అని ఏడ్చావు. ఏం రాయాలో నువ్వు చెప్పావు, నేను రాశాను. తప్పని తెలుసు, అయినా పెట్టాను. నీ కళ్ళు తుడవడానికి నా దగ్గర ఉన్నది ఆ రబ్బరు ముద్ర ఒక్కటే. దాన్ని ఇన్నేళ్లకి నా మీదకే విసురుతావనుకోలేదు. బాధేసింది, ఆ మాట దాచను.

బిగించే పద్ధతి అడిగావు. కరెంటు తీగ పీకెయ్. ముందు ఇనుప రేకుని ముట్టుకో, ఒంట్లోని కరెంటు పోతుంది. ఫ్యాను తియ్. చిన్న కొక్కెం ఉంటుంది, ఎత్తు. ప్రాసెసర్‌ని అంచులతో పట్టుకో, కింద బోర్డులో సన్నటి పిన్నులుంటాయి, వాటికి వేలు తగిలిందా యంత్రం చెత్తబుట్టకే. మూలన చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, గుర్తుకి గుర్తు కలపాలి. పైన శనగగింజంత పేస్టు పెట్టు. రొట్టెకి జామ్ రాసినట్టు రాయకు.

తెర నల్లగానే ఉంటుంది. అప్పుడు కంగారుపడకుండా పాతది మళ్ళీ పెట్టు. అందాకా పాతదాన్ని మెత్తటి గుడ్డ మీద ఉంచు, జేబులో వేసుకోకు.

నసీర్


కార్ల్స్‌రూహె
24 నవంబరు

నసీర్ భాయ్,

నిన్న అయిపోయింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

హాల్లో డెబ్బై మంది. నాలుగో అంశం వచ్చింది. స్టేజీ మీద బల్ల, బల్ల మీద తెల్లటి దుప్పటి, దాని మీద పెట్టె. అది చూస్తే నాకే ఆపరేషన్ చేయబోతున్నట్టుంది. రేకు జరిపాను. బోర్డు గోధుమరంగులోనే ఉంది.

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని, నీళ్ళు తాగే వంకన రెండుసార్లు పక్కకి వెళ్ళి చదువుకున్నాను. పాతది తీశాను. ఎనిమిదో తరం పెట్టాను. భేషుగ్గా కూర్చుంది. మీట నొక్కాను, ఫ్యాను తిరిగింది, అందరూ చప్పట్లు కొట్టారు. తెర నల్లగా ఉంది. ఇంకోసారి నొక్కాను. నల్లగానే ఉంది.

ఆ తర్వాతి పావుగంట నువ్వు చూడవలసింది. హాలు నిండా సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఒక్కడూ స్టేజీ ఎక్కడు, ప్రతివాడూ కుర్చీలోంచే సలహా. "రీస్టార్ట్ చేసి చూడు అన్నా" అని ఒకరు. "ఇవన్నీ ఎందుకండీ, క్లౌడ్‌కి మూవ్ అయిపోదాం" అని ఇంకొకరు. ఒకాయన ఫోన్‌లో ఏఐని అడిగాడు. అది ముందు నా ధైర్యాన్ని మెచ్చుకుంది, తర్వాత నువ్వు అక్టోబరులో రాసిందే చెప్పింది. ముందు వరుసలో ఒక చిన్నపిల్ల, "కపుట్ అయ్యిందా అంకుల్?" అని అడిగింది, చెడిపోయిందా అని. ఆ పిల్ల ఒక్కతే అడగవలసిన ప్రశ్న అడిగింది.

శశాంక్ నవ్వుతూ లేచాడు. "మీరు వందలు బిగించిన్రు గదా అన్నా, గిట్ల ఎప్పుడన్న అయిందా?" అన్నాడు.

అవునని ఏదో ఒకటి చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ జేబులో నీ ఉత్తరం ఉంది. "నేను బిగించలే. నసీర్ భాయ్ బిగించిండు. నేను పక్కన కూసొని బిల్లులు రాసిన" అన్నాను. మైకు ఆన్‌లోనే ఉంది, హాలంతా వినబడింది.

ఎవరో ఒకరు ఛీ అంటారనుకున్నాను. అనూహ్య పెన్ను ఎత్తి, "ఇది నాలుగో పాయింట్ కింద రాయాల్నా, ఇతర విషయాల కిందనా?" అని అడిగింది. ఇతర విషయాల కింద రాయమని ఎవరో అన్నారు. రాసింది. తర్వాత ఐదో అంశం, హోలీకి హాలు బుకింగ్. దాని మీద గంట కొట్టుకున్నారు. ఈలోగా సమోసాలు వచ్చాయి.

పందొమ్మిదేళ్లు నేను భయపడిన మాట ఒక లైను అయింది భాయ్. నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వాళ్ళు హాలు గురించి కొట్టుకుంటుంటే నేను పాత ప్రాసెసర్ని గుడ్డ మీద నుంచి తీసి, గుర్తుకి గుర్తు కలిపి పెట్టాను. శనగగింజంత పేస్టు. తెర వెలిగింది. ఎవరూ చూడలేదు, అప్పటికి సమోసాల దగ్గర వరసలో ఉన్నారు. ఆ పిల్ల ఒక్కతే చూసి తల ఊపింది. ఎస్‌ఎస్‌డీ తెప్పించాలని ఆఖర్న తీర్మానం పాసైంది. అది శశాంక్ బిగిస్తాడట, ప్రోటోకోల్‌లో ఎక్కింది. అతనికి నీ అడ్రసు ఇవ్వలేదు.

ఈరోజు పొద్దున మా హెచ్చార్ ఆవిడ దగ్గరికి వెళ్ళి 2006 కాగితం సంగతి చెప్పాను. ఆవిడ ఫైలు తీసి చూసి, తెలుగు ముద్ర ఉన్న కాగితం కేసి, తర్వాత నాకేసి చూసి, ఇంకేమైనా పనుందా అని అడిగింది. బయటివాళ్ళకి రిఫరెన్సు రాయకూడదని పాలసీ ఏమన్నా ఉందా అని నేనూ అడిగాను. సొంత పేరు మీద ఏం రాసుకుంటే మాకేమిటంది.

నాకు సిగ్గుగా ఉంది. నువ్వు నాకోసం అబద్ధానికి సంతకం పెట్టావు. నేను నీకోసం నిజానికి పెట్టలేకపోయాను. నిన్ను మూడడుగుల అవతల నిలబెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. క్షమించమని అడగడానికి మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

దీంతోపాటు జర్మన్‌లో రాసిన కాగితం ఉంది. సంతకం పెట్టాను, ఎవరైనా అడగాలంటే నా ఫోన్ నంబరూ వేశాను. అందులో ఉన్నదిది: "2003 నుంచి 2006 వరకు నేను ఈ దుకాణంలో బిల్లులు రాశాను. యంత్రాలన్నీ నసీరుద్దీన్ బాగుచేశాడు, రోజుకి ఆరేడు, నా కళ్ళముందు. ఆయన బాగుచేయలేక తిప్పి పంపినది ఒక్కటి కూడా నాకు గుర్తులేదు. నా మటుకు నేను ఈనాటి వరకు నా చేతులతో ఒక్క కంప్యూటర్ కూడా విప్పలేదు. దీనికి విరుద్ధంగా ఉన్న పాత కాగితం తప్పు."

నీ
బిల్లుల రవి


గార్చింగ్
8 ఫిబ్రవరి 2026

బిల్లుల రవికి,

ఆలస్యానికి కారణం ఉంది, ఖాయమయ్యే దాకా రాయొద్దనుకున్నాను. నీ కాగితం డిసెంబరు 12కి ముందే ఇచ్చాను. జనవరిలో పిలిచారు. వర్క్‌షాపు పెద్దాయన నీ కాగితం రెండుసార్లు చదివి, సాక్ష్యం చెప్పేవాడు తనకి పని రాదని రాసుకోవడం తన సర్వీసులో చూడలేదన్నాడు. అందుకే నమ్మాడట. నీకు ఫోన్ కూడా చేసి ఉండాలి, చేస్తే నువ్వు నాకు చెప్పలేదు.

ఈ నెల రెండు నుంచి వర్క్‌షాపులో ఉన్నాను. ఆరు నెలలు పరీక్షా కాలం. మొదటి రోజు నా బల్ల మీదికి వచ్చిన పని ఏమిటనుకున్నావు, క్యాంటీన్ ప్లేట్ల యంత్రం సెన్సరు బోర్డు. తెచ్చింది సూపర్‌వైజరే. ఏమైందని అడిగితే, "దానంతట అదే ఆగిపోయింది" అన్నాడు. కాగితం, పెన్ను ఇచ్చి రాయమన్నాను. నిలబడి రాశాడు.

క్షమాపణ అడిగావు. జోహ్రా నీ ఉత్తరం చదివి కళ్ళు తుడుచుకుని, వాడికి ఏప్రిల్‌లో బిర్యానీకి రమ్మని రాయి అంది. నా సంగతి అంత తొందరగా కాదు, కొంచెం కోపం ఇంకా మిగిలే ఉంది. వస్తే అదీ తిని వెళ్ళు.

నీ కాగితంలో ఒక తప్పుంది. "ఈనాటి వరకు ఒక్క కంప్యూటర్ కూడా విప్పలేదు" అని నవంబరు 24న రాశావు. 23న విప్పావు. నిజం రాయడానికి కూర్చుని కూడా ఒక అబద్ధం రాశావు. వర్క్‌షాపువాళ్ళకి చెప్పలేదు. మన మధ్య లెక్క సరిగ్గా ఉండాలి కాబట్టి కింద ఇస్తున్నాను, నీ ఫైల్లో పాతది తీసేసి ఇది పెట్టుకో.

అనుభవ ధ్రువపత్రం. పేరు: రవీంద్రనాథ్. హార్డ్‌వేర్ అనుభవం: ఒక రోజు. బాగుచేసిన యంత్రాలు: ఒకటి. ఫలితం: ముట్టుకోకముందు ఎలా ఉందో అలాగే ఉంది.

ఇది నిజమని ధ్రువీకరిస్తున్నాను.

నసీరుద్దీన్